మైనస్ తొమ్మిది

ఎవరింటికి వెళ్లినా ముందు గోడను వేలి కణుపులతో తట్టి చూసే అలవాటు నాది. టీ వచ్చే లోపల ఒకసారి, తాగి లేచేటప్పుడు ఒకసారి. మా ఆడపడుచు కొడుక్కి పిల్లను చూడబోయినప్పుడు కూడా తట్టాను. పిల్ల తల్లి మొహం మాడ్చుకుని, "గోడలకేం చూస్తున్నరు వదినా, పిల్లను చూడున్రి" అంది. పిల్ల బాగానే ఉంది. గోడే డొల్ల. ఆ మాట నేను పైకే అన్నాననీ, సంబంధం అందుకే తప్పిందనీ మా ఆడపడుచు ఇప్పటికీ దెప్పుతుంది. దెప్పనీ. ఆ అలవాటు నాకు ఊరికే రాలేదు. నేను గీసిన గీతల వల్లే వచ్చింది. ఆ గీతలను తలుచుకుంటే ఇప్పటికీ నాకు రోత పుడుతుంది.

జహీరాబాద్ బస్టాండుకు దగ్గర్లో ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసులో ఏడేళ్లు పనిచేశాను. డిగ్రీలో లెక్కలు చదివి, పెళ్లయి, పిల్లలు బడికి పోవడం మొదలయ్యాక కంప్యూటర్ మీద డ్రాయింగులు గీయడం నేర్చుకున్నదాన్ని. ఆఫీసంటే ఒక గది, మూడు కంప్యూటర్లు, ఒక పెద్ద ప్రింటరు. యజమానిని అందరం సార్ అనేవాళ్లం. సార్ మిర్చి బజ్జీ తిన్న చేత్తోనే మౌస్ పట్టుకునేవాడు. సాయంత్రానికి మూడు మౌసులూ జిడ్డోడేవి. నోట్లో గుట్కా ఉంటే తల వెనక్కి వాల్చి, ఫ్యానుతో మాట్లాడుతున్నట్టు మాట్లాడేవాడు. గది మూలన ఎర్రటి చారలు కిందిదాకా దిగి ఉండేవి. సిగ్గుపడతాడేమోనని ఒకసారి ఆ మూలకు తెల్లకాగితం అంటించాను. దాని మీదే ఉమ్మి, "ఇప్పుడు గురి మంచిగ కుదిరింది మేడం" అని నవ్వాడు.

ప్లాన్లు ఎప్పుడూ గీయనివాళ్ల కోసం ఒక ముక్క చెప్పాలి. కాగితం మీద గోడ అంటే రెండు గీతలు, వాటి నడుమ ఖాళీ. ఆ ఖాళీలో ఉన్నది ఇటుకో, కాంక్రీటో, రాయో చూసేవాళ్లకు తెలియాలి కనుక ఒక్కోదానికి ఒక్కో తీరు గీతలు నింపుతాం. దాన్ని హ్యాచ్ అంటాం. ఏటవాలు గీతలైతే ఇటుక. చుక్కలూ చిన్న ముక్కోణాలూ అయితే కాంక్రీటు. సాఫ్ట్‌వేర్‌లో ఇవి తయారుగా ఉంటాయి. ఖాళీలో ఒక్క క్లిక్కు కొడితే నిండిపోతుంది. ఏ దేశంలో ఎవరు తయారుచేసి పెట్టారో గానీ, మా ఎర్రరాయి మాత్రం అందులో లేదు. అల్లం చేలల్లో నడుం లోతు తవ్వితే తగిలే రాయి అది. తీసినప్పుడు మెత్తగా ఉండి, ఎండ తగిలాక ఇనుములా బిగుసుకుంటుంది. ఒళ్లంతా రంధ్రాలు. మా దగ్గర పాత ఇళ్లు చాలామటుకు దానితో కట్టినవే. అలాంటి ఇంటికి మరమ్మతు ప్లాను వస్తే సార్ ఇటుక హ్యాచే కొట్టించేవాడు. "గోడ గోడనే కదా మేడం" అనేవాడు. నాకు ఒళ్లు మండేది.

అప్పట్లో చిరాగ్‌పల్లి నుంచి ఒక పాస్టరు గారు వచ్చారు. హైవే పక్కనే పాత ఇల్లు. దానికి రెండు గదులు పెంచుకోవాలి. కొలతలకు నేనే వెళ్లాను. ఆ ఇంటి మూలకు ఎప్పుడో లారీ గుద్దుకుని, గోడ పైనుంచి కిందిదాకా రొట్టె తుంచినట్టు తెగి ఉంది. ఇంటిని నిలువునా కోస్తే లోపల ఎట్లా ఉంటుందో చూపించే బొమ్మను మేం సెక్షన్ అంటాం. మామూలుగా అది సగం ఊహించి గీసేదే. ఇక్కడ లారీయే నాకు కోసి పెట్టింది. టేపు పెట్టి కొలిచాను. గోడ మందం రెండడుగులు. ఒక్కో వరస ఎత్తు తొమ్మిది అంగుళాలు. రెండు వరసల్లో పక్కపక్కన రెండేసి రాళ్లు, నడుమ అతుకు. మూడో వరసలో మాత్రం ఒకే పొడుగు రాయి, ఈ మొహం నుంచి ఆ మొహం దాకా అడ్డంగా. మళ్లీ రెండు వరసలు, మళ్లీ అడ్డరాయి.

ఆ మూల కట్టడానికి వచ్చిన ముసలి మేస్త్రీ నా వెనకే నిలబడి బీడీ తాగుతున్నాడు.

"గా అడ్డరాయిని తక్కువ చెయ్యకు బిడ్డా," అన్నాడు. "గోడకు రెండు మొహాలుంటయి. రెండింటిని పట్టి ఉంచేది గదే. అది లేకుంటే ఇదొక దిక్కు, అదొక దిక్కు. కొట్లాడుకున్న అన్నదమ్ముల లెక్క."

"అన్ని ఇండ్లల్ల గిట్లనే ఉంటదా పెద్దయ్యా?"

"ఏడుంటది? అంత పొడుగు రాయి తియ్యాలె, మొయ్యాలె. శానమంది రెండు మొహాలు లేపి నడుమ మట్టి కూరిన్రు. పైన గచ్చు కొడితే ఎవనికి తెలుస్తది?"

ఆఫీసుకు తిరిగొచ్చి, ఆ గోడను ఉన్నదున్నట్టు చూపించే హ్యాచ్ తయారుచేయాలని పంతం పట్టాను. కొత్త హ్యాచ్ చేయాలంటే బొమ్మ గీయడం కాదు, అంకెలు రాయాలి. ఖాళీ నోట్‌ప్యాడ్‌లో ముందు దాని పేరు. కింద ఒక్కో రకం గీతకు ఒక్కో పంక్తి. గీత ఎంత వాలాలి, ఎక్కడ మొదలవ్వాలి, దాని పక్క గీత ఎంత దూరంలో రావాలి, ఎంత మేర గీయాలి, ఎంత మేర వదలాలి. వదలమని చెప్పడానికి అంకె ముందు మైనస్ పెట్టాలి. మైనస్ అంటే అంతమేర పెన్ను ఎత్తి పట్టుకో అని. సున్నా అంటే ఒక్క చుక్క. రాతి రంధ్రాలన్నీ సున్నాలతో పెట్టాను. వరసలకు అడ్డగీతలు, తొమ్మిదేసి అంగుళాలకు ఒకటి. నడిమి అతుకుకు ఒక నిలువు గీత: పద్దెనిమిది గీయి, తొమ్మిది వదులు. అంతే. అడ్డరాయి అంటూ నేను విడిగా గీసిందేమీ లేదు. నిలువు గీత ఎక్కడ ఆగిందో అక్కడ అడ్డరాయి ఉన్నట్టు. గోడ బలమంతా ఆ మైనస్ తొమ్మిదిలో ఉంది.

రాస్తున్నప్పుడే ఒక సంగతి తెలిసింది. హ్యాచ్‌లో ఒక్క రాయిని గీయడం కుదరదు. ఒకసారి రాశామంటే గోడ ఎంత ఉంటే అంతమేరా అది వస్తూనే ఉంటుంది, అలుపు లేకుండా, ఒక్క వెంట్రుకవాసి తేడా లేకుండా. నిజం గోడలు అట్లా ఉండవు. మేస్త్రీకి జ్వరమొచ్చిన రోజు ఒక తీరు, రాయి తక్కువపడిన రోజు ఇంకో తీరు. ఇది తెలిసి కూడా నేను ఆగలేదు.

రెండు రోజులు నిలువు గీత రానే లేదు. అంకెలు చూస్తే సరిగ్గానే ఉన్నాయి. గోడ నిండా అడ్డగీతలే, మడత మంచం నవారులాగ. "మేడం మళ్ల పదో తరగతి పరీక్ష రాస్తున్నట్టుంది" అని సార్ వచ్చినవాళ్లందరికీ నన్ను చూపించి నవ్వాడు. చివరికి తెలిసిందేమిటంటే, ఆఖరి పంక్తి రాశాక ఒక ఎంటర్ కొట్టాలి. కొట్టకపోతే ఆ పంక్తిని అది లెక్కలోకే తీసుకోదు. కొట్టాను. నిలువు గీత వచ్చింది, మూడో వరసలో ఆగింది, మళ్లీ మొదలైంది. స్క్రీన్ మీద పాస్టరు గారి గోడ నిలబడింది. నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది, వచ్చాయి మరి.

ఆ ఊపులోనే మట్టి కూరిన గోడకు కూడా ఒకటి చేశాను. రెండు పక్కలా రాళ్లు, నడుమ చిందరవందరగా చుక్కలు. సార్ దాన్ని చూసి, "గిదేంది మేడం, కాయితం మీద చీమలు పాకినట్టు! తీసెయ్యున్రి" అన్నాడు. అడ్డరాయిది మాత్రం ఆయనకు నచ్చింది. నా ఖర్మ అక్కడే మొదలైంది.

నచ్చింది అంటే ఎట్లా! ఇటుక ఇంటికి అదే, సిమెంటు బిళ్లల ఇంటికి అదే. "చూడనీకి కడక్ ఉన్నది. మన ఆఫీసు కాయితమని చూడంగనే తెలుస్తది" అని ముద్ర వేసినట్టు వేయించేవాడు. ఒకరోజు ఒక కోళ్ల ఫారం డ్రాయింగులో కూడా చూశాను.

"సార్, ఇది రేకుల షెడ్డు. దీనికి ఎర్రరాయి గోడ ఏడికెల్లి వచ్చింది?"

"కోళ్లు వచ్చి అడుగుతయా మేడం?"

పక్క టేబులువాళ్లు పగలబడి నవ్వారు.

"రేపు ఎవడన్న దీన్ని చూసి నమ్ముతడు సార్."

"గోడల నడుమ గీతలు ఎవడు చదువుతడు? ముద్ర చూస్తరు, సంతకం చూస్తరు, పోతరు. ఊకె పరేషాన్ కాకున్రి, పరేషాన్ చెయ్యకున్రి."

ఆ రోజే మానేశాను. సంచీ తీసుకుని లేవబోతూ, ఆ కంప్యూటర్‌లోంచి నా హ్యాచ్ ఫైళ్లు తీసేయాలనుకున్నాను. ఎంచుకున్నాను కూడా. ఒక్క మీట నొక్కితే పోయేవి. నొక్కలేదు. నేను చేసిన వస్తువు కదా, ఉండనీ, నలుగురూ చూడనీ అనిపించింది. ఆ ఆఫీసు మూలన ఉమ్మిన చారల కంటే ఇప్పుడు నాకు ఎక్కువ అసహ్యం కలిగించేది ఆ ముచ్చటే.

తర్వాత మా ఇంటి ముందు గదిలో సొంతంగా ఒక కంప్యూటర్ పెట్టుకున్నాను. పని తక్కువే వచ్చేది గానీ మౌస్ శుభ్రంగా ఉండేది.

నా రవికలు కుట్టే ఆమెను ఉర్దూలో పిన్నిని పిలిచినట్టు ఖాలా అంటాం, పాత బజారు సందులో ఉంటుంది. అరవై దాటిన మనిషి, ఒక్కతే. ఒకటే గది. ఒక పక్క గోడ ఆమెకూ, పక్కింటి అల్లం సేటుకూ ఉమ్మడి. కిటికీ వెలుతురు అటే పడుతుంది కనుక ఆమె కుట్టు మిషను ఆ గోడకే ఆనించి ఉంటుంది, మంచమూ దాని వెంటే. పగలంతా, రాత్రంతా ఆమె ఆ గోడ మొదట్లోనే. ఒక మధ్యాహ్నం రవిక గుడ్డ పట్టుకుని వెళితే, మిషను మీద పాత దుప్పటి కప్పి కూర్చుని ఉంది.

"మెల్లగ రా బేటీ, పైనకెల్లి మట్టి రాల్తున్నది," అంది.

"ఏమైంది ఖాలా?"

"అల్లం సేటు మీద అంతస్తు లేపుతుండు. ట్రాక్టర్ల ఫ్యాక్టరీకి పోయే పిలగాండ్లకు కిరాయికియ్యనీకి. ఈ గోడ మీదనేనట. రేపు పొద్దుగాల మొదటి వరస పెడ్తరట."

"ఈ గోడ మీద? నువ్వొప్పుకున్నవా?"

"నన్ను అడిగినోడెవడు? నేను పోయి గల్లా పట్టినట్టు అడిగితె కాయితం చేతుల పెట్టిండు. లోపల మస్తు రాయి ఉన్నది ఖాలా, ఫికర్ చెయ్యకు అన్నడు. నాకు ఆ గీతలు తెలుస్తయా? నువ్వు చదివినదానివి, చూడు."

మిషను సొరుగులోంచి మడతపెట్టిన జిరాక్సు తీసి ఇచ్చింది. అడుగున సార్ ఆఫీసు ముద్ర. సెక్షన్ చూశాను. ఉమ్మడి గోడ నిండా నా గీతలు. రెండు వరసలు అతుకు, మూడో వరస అడ్డరాయి. పద్దెనిమిది గీయి, తొమ్మిది వదులు. రంధ్రాల చుక్కలతో సహా, నేను పెట్టినవి పెట్టినట్టు. అందంగా ఉంది.

నేను మొదటిసారి గోడను తట్టింది అప్పుడే. ఒక చోట డబ్బా మోగినట్టు మోగింది. ఇంకో చోట అసలు మోగనే లేదు, మెత్తటి దిండును కొట్టినట్టు. గోడ నడుము ఖాలా వైపుకు ఉబ్బి ఉంది. ఆ ఉబ్బు మీద కొట్టిన మేకుకు వేలాడే క్యాలెండరు కింది అంచు గోడకు ఆనకుండా బెత్తెడు దూరంలో ఊగుతోంది. ఇన్నేళ్లుగా ఆ గదికి వస్తూ కొలతలు ఇచ్చుకుంటున్నాను, ఆ ఉబ్బును ఒక్కసారీ చూడలేదు.

"ఉంటదా కూలుతదా, సాఫ్ చెప్పు," అంది ఖాలా.

"దీని మీద అంతస్తు లేస్తే ఈ కడుపు పగుల్తది ఖాలా. నువ్విక్కడ పండకు."

"మరి ఏడ పండాలె? నీ నెత్తిమీదనా?"

అక్కడి నుంచి తిన్నగా సార్ ఆఫీసుకు వెళ్లాను. మూల చారలు ఇంకో మూరెడు పక్కకు పెరిగాయి. జిరాక్సు బల్ల మీద పరిచాను.

"ఈ గోడ పోయి చూసిన్రా సార్?"

"చూసుడెందుకు? పొడుగు, వెడల్పు, మందం సేటే ఫోన్ల చెప్పిండు."

"మరి లోపట అడ్డరాయి ఉన్నదని ఎవరు చెప్పిన్రు?"

"అడ్డరాయేంది?"

ఎకసెక్కం కాదు. ఆయనకు నిజంగానే తెలియదు. గీత ఆగిన చోటు వేలితో చూపించాను. సార్ కాగితం కళ్ల దగ్గర పెట్టుకున్నాడు.

"గిదా? గిది డిజైన్ కదా మేడం!"

"డిజైన్ కాదు సార్. గోడల ఏమున్నదో చెప్పే గుర్తు. ఇది చూసి సేటు రేపు పొద్దుగాల ఇంకో అంతస్తు పెడ్తుండు. దాని కింద ఒక ముసలామె పండుకుంటది. ఈ హ్యాచే ఎందుకు పెట్టిన్రు?"

"నేనేం పెట్టలే. అంతకుముందు మొగుడంపల్లి ఇల్లొకటి చేసిన, దానికి గదే కొట్టిన. ఆఖరికి వాడింది అట్లనే ఉంటది కదా. క్లిక్ కొట్టిన, నిండింది."

ఆ సాఫ్ట్‌వేర్ గుణమే అంత. చివరిసారి ఏ హ్యాచ్ వాడామో దాన్నే పట్టుకుని కూర్చుంటుంది. మార్చాలంటే మనమే పనిగట్టుకుని మార్చాలి. ఈయన మార్చలేదు. ఎవరి దగ్గరా ఏదీ తీసుకుని చేసిన మోసం కాదు, ఎవరి మీదా కక్ష కాదు. మోసమే అయి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది, తిట్టడానికి ఒక మనిషి దొరికేవాడు. ఇక్కడ ఉన్నది జిడ్డు వేలు, ఒక క్లిక్కు.

"ఫోన్ చేసి ఆపమని చెప్పున్రి," అన్నాను.

"కస్టమర్ ముంగట నా ఇజ్జత్ పోవాల్నా? వచ్చే వారం మార్చిస్త తీ."

"వచ్చే వారం ఏం మారుస్తరు, గోడనా, కాయితమా?"

తల వెనక్కి వాల్చి ఫ్యాను వైపు చూశాడు. నోరు నిండిందని అర్థం. లేచి వచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే ఖాలా ఇంటి పక్క మెట్లెక్కాను. డాబా మీద ఇటుకలు పేర్చి ఉన్నాయి, తట్టల్లో సిమెంటు మాలు కలిపి ఉంది. అల్లం సేటు లుంగీ ఎగగట్టి, చేతిలో టీ గ్లాసుతో నిలబడ్డాడు. దారం గుంజి పట్టుకున్న మేస్త్రీని చూసి నా ప్రాణం లేచొచ్చింది. చిరాగ్‌పల్లి ముసలాయనే.

"ఏందక్కా, పొద్దుగాల్నే పంచాది?" అన్నాడు సేటు.

"ఈ గోడ మీద వరస పెట్టకు అన్నా. లోపట రాయి లేదు."

"కాయితం మీద ఉన్నదాయె. కాయితం నమ్మాల్నా, నిన్ను నమ్మాల్నా?"

"ఆ కాయితం మీద రాయి నేను పెట్టిందే. ఆ గీతలు నేను తయారు చేసినవి."

"అగో!" సేటు పనివాళ్ల వైపు తిరిగాడు. "విన్నరా? పెట్టినామెనే లేదంటున్నది! మరి లేని రాయి ఎందుకు పెట్టినవక్కా? తప్పు నీదా, గోడదా?"

ఆయన అన్నది నిజం. తప్పు నాది కూడా. కాగితం తీసుకెళ్లి మేస్త్రీ ముందు పెట్టాను.

"పెద్దయ్యా, నీకు ప్లాన్లు చదవనీకి రాదని తెల్సు. ఈ గోడ ఒక్కటే చూడు. వరసలు లెక్కపెట్టు."

ఆయన దారం వదిలి, నల్లబడిన వేలితో కింది నుంచి లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, ఆగాడు. ఒకటి, రెండు, మళ్లీ ఆగాడు. తలెత్తి నన్ను చూశాడు.

"గిది పాస్టరయ్య ఇల్లు కదా బిడ్డా. లారీ గుద్దిన మూల. గా గోడ ఈడికి ఎట్లొచ్చింది?"

ఆ కాగితం ఎందరి చేతుల మీదుగా వచ్చిందో తెలియదు. గీతలు చదివింది ఈయనొక్కడే.

సేటు టీ గ్లాసు కింద పెట్టాడు. "పాస్టరు ఏంది? పాస్టరు ఎవడు? మేస్త్రీ, నువ్వు కూడా షురూ చేసినవా?"

"షురూ కాదు సేట్, జర ఆగు. ఉన్నదా లేదా రెండు నిమిషాలల్ల తెలుస్తది." గడ్డపార తీసుకుని కిందికి దిగాడు. అందరం వెంట దిగాం. సేటు వైపు గోడకు గచ్చు గీకి, కింది నుంచి వరసలు లెక్కపెట్టి, మూడో వరసలో రెండు రాళ్ల నడిమి సందులో మొన ఆనించాడు. "ఈడ పొడుగు రాయి ఉంటే పార దాని పక్కకు రాసుకుని గట్టిగ మోగాలె. ఇను."

కొట్టాడు. మోగలేదు. రెండో దెబ్బకు మొన దిగింది. మూడో దెబ్బకు పార సగం లోపలికి పోయింది, పండిన బొప్పాయిలోకి కత్తి పోయినట్టు. అటు పక్క నుంచి ఖాలా కేక వినిపించింది. మేస్త్రీ పార వెనక్కి లాగాడు. ఆ రంధ్రంలోంచి ఎర్రమట్టి జలజలా రాలడం మొదలై ఆగలేదు. మట్టితో పాటు చిత్తయిన వరిగడ్డి, ఎలుకల పెంట, ఎప్పటిదో ఎండి అట్ట కట్టిన తొండ ఒకటి. ముక్కిన వాసన గుప్పుమంది. సేటు ముక్కు మూసుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. నేను వేయలేదు. ఇంతకాలం నా అందమైన మైనస్ తొమ్మిది వెనక ఉన్నది ఇదీ అని కళ్లారా చూశాను.

మేస్త్రీ ఇంకో రెండు చోట్ల కొట్టాడు. అదే మట్టి. పార గోడకు ఆనించి, తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

"నేనైతే దీని మీద ఒక్క ఇటుక పెట్ట సేట్. ఇంకెవణ్ణన్న పిల్సుకో. కాని ముందు ఆ ముసలామెను మీ ఇంట్ల పండుకోమను."

సేటు ఫోన్ తీసి సార్‌కు చేశాడు. సందు సందంతా వినబడేలా తిట్టాడు. ఆ తిట్లలో రాయదగినవి రెండో మూడో ఉంటాయి. మిగతావి విని కూడా నాకేమీ సంతోషం కలగలేదు. ఆ సాయంత్రానికి మాట ఖాయమైంది. పైఅంతస్తు బరువు ఉమ్మడి గోడ మీద పడకుండా సేటు తన వైపు స్థలంలోనే కాంక్రీటు పిల్లర్లు లేపుకుంటాడు.

ఖాలా నాకు థ్యాంక్స్ చెబుతుందని ఎవరైనా అనుకుంటే వాళ్లకు ఖాలా తెలియదు. మూడో పోటుకు పార మొన ఆమె వైపు గచ్చును కూడా పొడిచి, పెళ్ల ఊడి కుట్టు మిషను మీద పడింది. ఆ మిషను మీద ఉన్నది నా రవిక.

"గోడ బలం చూడుమంటే గోడకు చెవులు కుట్టిపిస్తవా?" అని నన్ను పట్టుకుంది. "చూడు ఈ పొక్క! దీంట్లకెల్లి సేటు సంసారం కనబడ్తున్నది నాకు. ఆయన పండ్లు తోముకునుడు నేను చూడాల్నా?"

"గోడ కూలితే బాగుండునా ఖాలా?"

"నీ నోరు పాడుగాను. పైన పట్టు, లోపట చినిగిన అస్తరు. గిసొంటి రవిక నేను కుట్టి ఇస్తే నా మొహాన కొడ్తువు. మీరు మాత్రం ఇండ్లు గట్ల గీస్తరు. ముందు ఈ పొక్క మూపియ్యి."

మూయించాను. మేస్త్రీ రెండు రోజుల తర్వాత ఎక్కడినుంచో రెండడుగుల పొడుగు ఎర్రరాయి ఒకటి భుజాన వేసుకొచ్చాడు. పక్క రంధ్రాలను మాలుతో కూరి, నడిమిదాన్ని చదరంగా కోసి, ఆ రాయిని అడ్డంగా తోశాడు. ఒక కొస ఖాలా గదిలో, ఒక కొస సేటు గదిలో. దాన్ని అరచేత్తో చరిచి, "ఇగో, నీ కాయితంల ఉన్నది ఒకటన్న పెట్టిన బిడ్డా" అన్నాడు.

పిల్లర్లతో కొత్త డ్రాయింగు వచ్చాక ఖాలా సేటు దగ్గర పేచీ పెట్టి జిరాక్సు తెచ్చుకుంది. నన్ను పిలిపించింది. పిల్లర్లు ఉన్నాయి, వాటి నిండా కాంక్రీటు చుక్కలు సరిగ్గానే ఉన్నాయి. ఉమ్మడి గోడ చూశాను. రెండు వరసలు అతుకు, మూడో వరస అడ్డరాయి. అదే హ్యాచ్. ఇంత జరిగాక కూడా దాన్ని మార్చాలని ఆ మనిషికి తోచలేదు. కోపం కూడా రాలేదు నాకు. కాలు పేడలో పడితే ఎట్లా ఉంటుందో అట్లా అనిపించింది.

"మంచిగుందా ఈసారి?" అంది ఖాలా.

"గోడకు కొత్త బరువు లేదు. నువ్వు పండుకో. కాయితం మాత్రం అబద్ధం."

ఆమె గుడ్డ మీద గుర్తులు పెట్టే పెన్సిలు తీసుకున్నాను. మిషను బల్ల మీద కాగితం పరిచి, నిలువు గీత ఆగిన చోటల్లా గీత కలిపేశాను. కింది నుంచి పైదాకా, ఒక్కో తొమ్మిదీ నింపుకుంటూ పోయాను. మిషను ఎత్తులో, కింది నుంచి మూడో వరస దగ్గర ఒక్క చోట మాత్రం ఖాళీ వదిలేశాను. అక్కడ రాయి ఉంది. చేత్తో చరిచి చూశాను.

ఖాలా కళ్లద్దాలు పైకి తోసుకుని చూసి, కాగితం మడిచి సొరుగులో పెట్టింది. తర్వాత నా రవిక తీసి ఒళ్లో పడేసింది. వీపు మీద అరచేతి మందాన ఎర్రమట్టి మరక.

"మూడుసార్లు ఉతికిన, పోలే," అంది. "డిజైన్ అనుకొని తొడుక్కో."